రేపంటే ఎప్పుడు? గోడ మీద చూపిద్దాం

“రేపు అమ్మమ్మ వాళ్లింటికి వెళ్దాం” అంటే మూడేళ్ల పిల్ల అప్పటికప్పుడు చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడుతుంది. పోయిన వేసవిలో చూసిన సముద్రం గురించి “నిన్న చూశాంగా” అంటుంది. పండక్కి ఇంకా పది రోజులుందంటే, పది నిమిషాలకోసారి వచ్చి “అయిపోయాయా?” అని అడుగుతుంది. మనల్ని విసిగించాలని కాదు. కాలం వాళ్ల కంటికి ఆనదు, చేతికి దొరకదు. దాన్ని కనిపించేలా చేయగల వస్తువు మన ఇళ్లలో గోడకి వేలాడుతూనే ఉంది. పిల్లల కోసం దాన్ని ఎందుకు వాడాలో, ఎలా వాడాలో ఒక్కొక్క ప్రశ్నగా చూద్దాం.

నిన్న, రేపు అంటే పిల్లలకి ఎందుకంత తికమక?

బంతిని చూపించి బంతి అనొచ్చు. కుక్కను చూపించి కుక్క అనొచ్చు. రేపును వేలు పెట్టి చూపించలేం. పైగా ఆ పేరు ఒకచోట నిలవదు. ఇవాళ మనం రేపు అన్న రోజునే తెల్లారాక ఇవాళ అంటాం, ఇంకో రాత్రి గడిస్తే నిన్న అంటాం.

అమెరికాలో కాథరిన్ టిల్‌మన్, డేవిడ్ బార్నర్ తదితర పరిశోధకులు చిన్నపిల్లలకి ఒక గీత చూపించి, నిన్న, రేపు, పోయిన వారం, వచ్చే వారం ఆ గీత మీద ఎక్కడెక్కడ ఉంటాయో గుర్తు పెట్టమన్నారు. ఆ అధ్యయనం 2017లో అచ్చయింది. నిన్న అంటే గడిచిపోయిందనీ, రేపు అంటే రాబోతోందనీ పిల్లలకి నాలుగేళ్లకల్లా చాలావరకు తెలిసిపోతోంది. కానీ అవి ఎంత దూరంలో ఉన్నాయన్నది బడికి వెళ్లడం మొదలుపెట్టి కొన్నేళ్లు గడిస్తేగానీ కుదురుకోవడం లేదు.

అంతకు చాలా ముందే, 1946లో, స్విట్జర్లాండ్ మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ పియాజే పిల్లల్లో కాల భావన గురించి ఒక పుస్తకమే రాశాడు. తాను ఆ పనికి పూనుకోవడానికి ఐన్‌స్టీన్ వేసిన ప్రశ్నలు కారణమని ముందుమాటలో చెప్పాడు. ఆయన చేసిన పరీక్షను మీరూ ఇంట్లో చేసి చూడొచ్చు. రెండు బొమ్మ కార్లను ఒకేసారి కదిలించి ఒకేసారి ఆపండి. ఒకటి వేగంగా, ఒకటి నెమ్మదిగా వెళ్లాలి. ఏది ఎక్కువసేపు నడిచిందని అడిగితే నాలుగైదేళ్ల పిల్లలు చాలామంది దూరం వెళ్లినదాన్నే చూపిస్తారు. వాళ్లకి దూరం కనిపిస్తోంది, సమయం కనిపించడం లేదు. కాబట్టి మీ అబ్బాయి “రేపు తిన్నాను” అంటే కంగారు పడాల్సిన పనేమీ లేదు. కనిపించని సమయాన్ని కనిపించే దూరంగా మార్చి చూపిస్తే చాలు. క్యాలెండర్ చేసేది ఆ పనే.

గోడకి పెద్ద క్యాలెండర్ ఉందిగా, అది చాలదా?

పెద్దవాళ్లకి చాలు. పిల్లల కళ్లతో ఒకసారి చూడండి. ఒక్కో గడిలో పెద్ద అంకె, దాని చుట్టూ తిథి, నక్షత్రం, వర్జ్యం, దుర్ముహూర్తం. ఆ పక్కనే మనం పెన్నుతో రాసుకున్న పాల లెక్క, గ్యాస్ బండ మార్చిన తేదీ. కొన్ని క్యాలెండర్లలో వారాల పేర్లు పైన అడ్డంగా ఉంటాయి, కొన్నిటిలో ఎడమ అంచున నిలువుగా ఉంటాయి. వరుస చివరికి వచ్చిన చూపు మళ్లీ వెనక్కి వెళ్లి కొత్త వరుస అందుకోవాలి. శనివారం పక్కనే ఆదివారం ఉందని మనకి తెలుసు. పిల్లకి మాత్రం ఆ రెండూ కాగితానికి చెరో కొసన ఉన్నాయి. ఒకటో తేదీ శనివారం పడిన నెలల్లో చివరి 30, 31 తేదీలు చోటు చాలక, కొన్ని క్యాలెండర్లలో ఒకటో తేదీ ఉన్న వరుసలోకే వచ్చి కూర్చుంటాయి. అక్కడ నెల మొదలేదో చివరేదో నాలుగేళ్ల పిల్లకి ఎలా తెలుస్తుంది?

అందుకే పెద్ద క్యాలెండర్‌ని దాని చోటునే ఉండనిచ్చి, పిల్లలకి వాళ్లదంటూ ఒకటి చేసిపెట్టాలి.

దాన్ని ఎలా చేయాలి?

అయిపోయిన నెల కాగితాన్ని పారేయకండి. కాగితం దళసరిగా, వెనక వైపు తెల్లగా ఉంటే మరీ మంచిది. పొడవుగా కత్తిరించి, అవసరమైతే రెండు ముక్కలు అతికించి ఒక పట్టీ చేయండి. ఏడు గళ్లు గీయండి. అన్నీ ఒకే వరుసలో, ఎడమ నుంచి కుడికి ఉండాలి. పిల్ల నిలబడితే కంటికి ఎదురుగా, చేతికి అందే ఎత్తులో గోడకి అంటించండి.

ఆదివారంతో మొదలుపెట్టి ప్రతి గడిలో వారం పేరు రాయండి. చదవడం రాని పిల్లకి పేరు కన్నా బొమ్మ ముఖ్యం. మీ ఇంట్లో ఆ రోజుకే ప్రత్యేకమైనది ఏదో అది వేయండి. మంగళవారం హనుమంతుడి గుడి, గురువారం మీ ఊరి సంత, శుక్రవారం నమాజు, ఆదివారం చర్చి లేదా కోడికూర, ఏదైనా సరే. పగలూ రాత్రీ సూర్యుడి వల్ల తెలుస్తాయి, నెల చంద్రుడి వల్ల తెలుస్తుంది. వారానికి మాత్రం ఆకాశంలో అలాంటి గుర్తేమీ లేదు, అది మనుషులు పెట్టుకున్న లెక్క. ఆ గుర్తును మనమే ఇవ్వాలి.

ఇక బట్టలారేసే క్లిప్పు ఒకటి తీసుకుని ఇవాళ్టి గడికి పెట్టండి. పొద్దున్న లేచి మొహం కడుక్కోగానే ఆ క్లిప్పును పక్క గడిలోకి మార్చే పని పిల్లదే. మీరు మార్చకండి. రాత్రి పడుకోబోయే ముందు ఒక్క మాట అనండి: “ఇవాళ సంతకెళ్లాం. పడుకుని లేస్తే శుక్రవారం.” రోజుకు రెండు నిమిషాలు చాలు. శనివారం దాటాక క్లిప్పు మళ్లీ మొదటికి వస్తుంది. కొన్ని వారాలు గడిచాక, అదే ఆదివారం తిరిగి రాలేదనీ, ఇంకో ఆదివారం వచ్చిందనీ పిల్లకే తోస్తుంది.

వారాల పేర్లు, నెలల పేర్లు రోజూ వల్లె వేయిస్తే సరిపోదా?

వల్లె వేయడంలో తప్పేమీ లేదు. కానీ అది పాట లాంటిది. గడగడా అప్పజెప్పిన పిల్లను “బుధవారం తర్వాత ఏంటమ్మా?” అని అడగండి. మళ్లీ ఆదివారం దగ్గర్నుంచి మొదలుపెడుతుంది. నోటికి వచ్చింది కాబట్టి తెలిసిందని మనం అనుకుంటాం.

అమెరికా శిశు తరగతుల్లో రోజూ పొద్దున్నే పిల్లల్ని కూర్చోబెట్టి తేదీ, వారం, నెల చెప్పించే అలవాటు ఉంది. శాలీ బెనెకీ, మిఖలీన్ ఆస్ట్రాస్కీ, లిలియన్ కాట్జ్ అనే విద్యావేత్తలు 2008లో ఒక వ్యాసం రాసి దాన్ని ప్రశ్నించారు. ఉద్దేశం మంచిదే, ఆ వయసుకి ఫలితం దక్కడం లేదన్నది వాళ్ల వాదన. బదులుగా రోజులో ఏది తర్వాత ఏదో బొమ్మల్లో చూపించడం, పిల్లలు తాము చేసిన పనులను దాచిపెట్టి మళ్లీ చూసుకోవడం మేలన్నారు.

అసలు సంగతి ఇది: గడిలో ఉన్న అంకె పిల్లకి ఏమీ చెప్పదు. ఆ రోజు తనకి జరిగింది ఆ గడిలో ఉంటే, అప్పుడు ఆ రోజు తనదవుతుంది.

“ఇంకా ఎన్ని రోజులు?” అని చంపుతుంటే ఏం చెప్పాలి?

చెప్పకండి, గీసి లెక్కపెట్టనివ్వండి. మూడేళ్ల వాళ్లకి మూడు నాలుగు రాత్రులకు మించి ముందు చెప్పొద్దు. నాలుగైదేళ్లకి వారం, ఆరేళ్లు దాటితే నెల పట్టుకోగలరు. రోజులకన్నా నిద్రలు లెక్కపెట్టడం సులువు. “నాలుగుసార్లు పడుకుని లేస్తే పెళ్లి” అంటే నాలుగు గళ్లు. లేచిన ప్రతిసారీ ఒకటి కొట్టేయాలి. పందొమ్మిదో శతాబ్దంలో జర్మనీలో కొన్ని ఇళ్లలో క్రిస్మస్ ముందు తలుపు మీద 24 సుద్ద గీతలు గీసి, పిల్లల చేత రోజుకొకటి చెరిపించేవారు. ఇవాళ అంగళ్లలో అమ్మే క్రిస్మస్ క్యాలెండర్ల పుట్టుక అక్కడే.

మన పండగలు ఈ పనికి మరీ అనుకూలం. బతుకమ్మనే తీసుకోండి. తొమ్మిది గళ్లు గీయండి. మొదటిది మహాలయ అమావాస్య, ఎంగిలిపూల బతుకమ్మ. తర్వాత అటుకుల, ముద్దపప్పు, నానబియ్యం, అట్ల బతుకమ్మలు. ప్రతి గడిలో ఆనాటి నైవేద్యం బొమ్మ వేయొచ్చు. ఐదో గడిలో అట్టు వేయడానికి ఏ పిల్లా ఆలోచించదు. ఆరో రోజు అలిగిన బతుకమ్మ, ఆరోజు పేర్చరు, కాబట్టి అక్కడ మూతి ముడుచుకున్న మొహం వేయనివ్వండి. తర్వాత వేపకాయల, వెన్నముద్దల, చివరికి సద్దుల బతుకమ్మ. మబ్బు లేని సాయంత్రాల్లో పిల్లని బయటికి తీసుకెళ్లి చంద్రుణ్ని చూపించండి. అమావాస్య నాడు ఉండడు, మూడో రోజుకి పడమట సన్నటి వంక, సద్దుల నాటికి సగం చంద్రుడు. గడి పక్కనే ఆ చంద్రుణ్నీ గీస్తే, గోడ మీది లెక్కా ఆకాశంలోని లెక్కా ఒకటేనని పిల్లకి కంటితోనే తెలుస్తుంది.

సంక్రాంతికైతే భోగి, సంక్రాంతి, కనుమ, ముక్కనుమ నాలుగు గళ్లు. భోగిపళ్లు తన నెత్తినే పోశారు కాబట్టి ఆ గడిని పిల్ల మర్చిపోదు.

గడిచిపోయిన రోజుల్ని ఏం చేయాలి?

చాలా ఇళ్లలో రాబోయేవి మాత్రమే లెక్కపెట్టి, అయిపోయినవి కొట్టేసి వదిలేస్తారు. ఇది సగం పనే. రాత్రి ఆనాటి గడిలో ఏదో ఒకటి పెట్టించండి. బస్సు టికెట్, రాలిన పువ్వు రేక, జ్వరం వచ్చిన రోజు ఒక చుక్క, తను గీసిన పిచ్చిగీత. వారానికో కొత్త పట్టీ చొప్పున నాలుగు వారాల పట్టీలు ఒకదాని కింద ఒకటి అంటించి, “మనం డాక్టరు దగ్గరికి ఎప్పుడెళ్లాం?” అని అడగండి. పిల్ల చుక్క వెతుక్కుంటూ వెనక్కి వెళ్తుంది. నిన్న, మొన్న, పోయిన వారం అనే మాటలు అప్పుడు అందించండి. చూపు ఆగిన చోట పడిన మాట నిలుస్తుంది.

నాన్న దూరంగా ఉంటే? తాతయ్య వాళ్లు వేరే దేశంలో ఉంటే?

జగిత్యాల, నిజామాబాద్ వైపూ, కడప, కోనసీమల్లోనూ నాన్నో అమ్మో గల్ఫ్‌లో ఉన్న ఇళ్లు ఎన్నో. రెండేళ్లకి వచ్చే మనిషి కోసం ఏడు వందల గళ్లు గీసి నాలుగేళ్ల పిల్ల ముందు పెట్టకండి, అది బెంగ పెంచుతుంది. “దసరా అవుతుంది, సంక్రాంతి అవుతుంది, మామిడిపళ్లొస్తాయి, అప్పుడు నాన్న వస్తాడు” అని నాలుగైదు పెద్ద బొమ్మలు వరుసగా వేయండి. ఒక్కోటి దాటినప్పుడు దాని మీద గుర్తు పెట్టించండి. టికెట్ ఖాయమై చివరి వారం వచ్చాకే గళ్ల లెక్క మొదలుపెట్టండి. ఈ లోపు నాన్న ఫోన్ చేసే రోజు గడిలో ఫోన్ బొమ్మ ఉండాలి. దూరపు ఎదురుచూపుకి దగ్గరి ఊరట అది.

అమెరికాలో ఉన్న పిల్లలకి ఇంకో చిక్కు. డల్లాస్‌లో శనివారం రాత్రి పడుకునే వేళకి విజయవాడలో ఆదివారం తెల్లారిపోయి ఉంటుంది. ఆరేళ్లు దాటిన పిల్లలకి పట్టీ మీద రెండు రంగుల క్లిప్పులు పెట్టండి, ఒకటి తనది, ఒకటి అమ్మమ్మది. అమ్మమ్మ క్లిప్పు ముందు కదులుతుంది.

పుట్టినరోజు తేదీ మారదు, దసరా ఎందుకు మారుతుంది?

ఏడెనిమిదేళ్లకి ఈ ప్రశ్న వస్తే సంతోషించండి, క్యాలెండర్ బుర్రకెక్కింది. పుట్టినరోజు సూర్యుడి లెక్క, సంవత్సరానికి 365 రోజులు. దసరా చంద్రుడి లెక్క. అమావాస్య నుంచి అమావాస్యకి సుమారు 29న్నర రోజులు, పన్నెండు నెలలకి 354. ఏటా 11 రోజుల తేడా. అది పేరుకుపోకుండా మూడేళ్లకోసారి, కొన్నిసార్లు ఇంకాస్త ముందే, అధిక మాసం కలుపుతారు. అందుకే దసరా ముందుకీ వెనక్కీ జరిగినా ఆ రుతువు దాటిపోదు. రంజాన్ లెక్కలో అధిక మాసం లేదు, కాబట్టి అది ఏటా సుమారు 11 రోజులు ముందుకొస్తూ అన్ని కాలాల్లోనూ తిరుగుతుంది. సంక్రాంతి సూర్యుడిది, అందుకే మన కాలంలో ఎప్పుడూ జనవరి 14 లేదా 15. మూడు నాలుగేళ్ల పాత క్యాలెండర్లు దాచి ఉంటే పిల్ల ముందు పరిచి తననే వెతకమనండి.

గడిలో రాసింది జరక్కపోతే?

ఇది అన్నిటికన్నా ముఖ్యం. “రేపు కొనిపెడతా” అని మనం తప్పించుకోవడానికి అంటాం. ఆ రేపు రాకపోతే, రేపు అంటే జరగనిది అని పిల్ల నేర్చుకుంటుంది. ఏ క్యాలెండరూ దాన్ని సరిదిద్దలేదు. చేయగలిగిందే గడిలో వేయండి. వాన పడి ప్రయాణం ఆగితే, పిల్ల చూస్తుండగా ఆ బొమ్మను తీసి కొత్త గడిలో అంటించి, ఎందుకు మారిందో చెప్పండి. పిల్ల ఏడుస్తుంది, ఏడవనివ్వండి. ప్రయాణం రద్దు కాలేదు, వేరే రోజుకి మారిందని మాత్రం తనకి కనిపిస్తుంది.

ఇది ఎప్పటిదాకా?

పిల్ల తనంతట తాను గోడ దగ్గరికి వెళ్లి “ఇంకా ఐదు రోజులుందిలే” అని మీకే చెప్పే దాకా. అప్పుడు పట్టీ తీసేసి పెద్ద క్యాలెండర్‌ని అప్పగించండి. ఎవరి పుట్టినరోజు ఎప్పుడో తనే రాయాలి, పాలు రాని రోజు తనే సున్నా చుట్టాలి, నెలాఖరున లెక్క తనే చెప్పాలి. ఇంటి లెక్కలో తన చేతిరాత పడితే, కాలం తనకి పాఠం కాదు, పని అవుతుంది.