తిప్పతీగకూ ఓ గడువుంది

వేపచెట్టుకు చుట్టుకునో, పెరటి కంచె మీద పాకో పెరిగే తిప్పతీగను మన ఊళ్లలో ఎవరూ డబ్బిచ్చి కొనేవారు కాదు. కరోనా కాలంలో అది ఇంటింటి కషాయమైంది. ఇప్పుడు జ్యూస్ సీసాలుగా, మాత్రలుగా మందుల షాపుల్లో దొరుకుతోంది. రోజూ పరగడుపున తాగితే రోగనిరోధక శక్తి పెరుగుతుందని ఒక నమ్మకం, చెట్టు నుంచి వచ్చిందే కాబట్టి ఎంతకాలం తాగినా హాని లేదని ఇంకొక నమ్మకం. ఈ రెండూ ఒకచోట ఇమడవు. ఒంట్లో మార్పు తెచ్చే శక్తి దానికి ఉందని ఒప్పుకుంటే, మోతాదూ గడువూ కూడా ఉండాలని ఒప్పుకోవాల్సిందే.

ఆ శక్తి ఉందనడానికి ఆధారాలు లేకపోలేదు. గుడూచి, అమృత అన్న పేర్లతో ఆయుర్వేదం దీన్ని జ్వరాలకు, కామెర్లకు, వాతరక్తానికి, మధుమేహానికి వాడింది. చరకసంహిత మేధస్సును పెంచే రసాయనాల్లో, అంటే ఒంటికి పుష్టినిచ్చే ఔషధాల్లో, దీని రసాన్ని చేర్చింది. ఎక్కువగా వాడేది కాండాన్ని. దాన్ని దంచి, నీళ్లలో నానబెట్టి, అడుగున పేరుకున్న తెల్లటి పిండిని ఎండబెడితే తిప్పసత్తు. ఆధునిక పరీక్షలూ కొన్ని జరిగాయి. పిత్తనాళం మూసుకుపోయి కామెర్లు వచ్చిన 30 మంది మీద ముంబై వైద్యులు 1990ల మొదట్లో చేసిన అధ్యయనంలో, తిప్పతీగ కూడా ఇచ్చినవారిలో మరణాలు తగ్గాయి. అలర్జీతో ముక్కు కారే 75 మంది మీద 2005లో ప్రచురితమైన ఇంకో అధ్యయనం తుమ్ములు, ముక్కుదిబ్బడ తగ్గాయని చెప్పింది. రెండూ చిన్నవే, కానీ కొట్టిపారేయదగ్గవి కావు. ఈ తీగలోని కొన్ని పదార్థాలు రోగనిరోధక కణాలను ఉత్తేజపరుస్తాయని ప్రయోగశాలల్లోనూ తేలింది.

చిక్కు ఆ ఉత్తేజం దగ్గరే ఉంది. కొందరిలో రోగనిరోధక వ్యవస్థ సొంత ఒంటి మీదే దాడి చేస్తుంది. కొన్ని రకాల థైరాయిడ్ జబ్బులు, రుమటాయిడ్ కీళ్లవాతం అలా వచ్చే ఆత్మరోగనిరోధక జబ్బులే. అలాంటివారికి ఉత్తేజం మేలు చేస్తుందని ఎలా అనుకోగలం? 2020 చివర్లో ముంబైలో తిప్పతీగ వాడిన ఆరుగురిలో కాలేయం దెబ్బతిన్నట్టు వైద్యులు గుర్తించారు. ఆ తర్వాత దేశంలోని 13 వైద్య కేంద్రాల నుంచి 43 మంది వివరాలు 2022లో ప్రచురితమయ్యాయి. వారిలో దాదాపు మూడింట రెండు వంతుల మందిలో కనిపించినవి ఆత్మరోగనిరోధక హెపటైటిస్ పోలికలు.

ఆయుష్ మంత్రిత్వశాఖ దీన్ని ఒప్పుకోలేదు. తిప్పతీగ సురక్షితమేననీ, దాన్ని పోలిన వేరే తీగలను పొరబడి వాడి ఉండవచ్చనీ అంది. ఆ మాటే నిజమనుకున్నా వాడేవారికి ఊరటేమీ లేదు, పొడిలోనో సీసాలోనో ఉన్నది ఏ తీగో వారు ఎలా పోల్చుకుంటారు? లక్షలమంది తాగితే 43 మంది ఒక లెక్కా అనేవారూ ఉన్నారు. హాని అరుదేనన్నది నిజం కావచ్చు. కానీ ఆ 43 లెక్కకు ఎక్కినవారి సంఖ్య మాత్రమే. ఏ మందులు వాడుతున్నారని డాక్టరు అడిగితే కషాయం సంగతి చెప్పేవారు ఎందరు? పైగా ఏ జబ్బూ లేని మనిషి దీన్ని మానేస్తే పోయేదేమీ లేదు.

రసాయనం అన్నాక నిత్యం సేవించవద్దా అన్న ప్రశ్న వీటన్నిటికన్నా గట్టిది. అయితే ఆయుర్వేద శాస్త్రం రసాయన చికిత్సను కూడా దేహశుద్ధి చేసి, జీర్ణశక్తినీ వయసునూ చూసి ఇమ్మంది. 2020 అక్టోబరులో ఆయుష్ మంత్రిత్వశాఖ విడుదల చేసిన కోవిడ్ మార్గదర్శకాలే చూడండి: గుడూచి ఘనవటి (తిప్పతీగ సారంతో చేసిన మాత్ర) 500 మిల్లీగ్రాములు, రోజుకు రెండుసార్లు, 15 రోజులు లేదా ఒక నెల, లేదా వైద్యుడు చెప్పినట్టు. ఏళ్ల తరబడి తాగమని అందులో లేదు. ప్రచారంలో మోతాదు మిగిలి, గడువు జారిపోయింది.

కాబట్టి జ్వరానికో మరో జబ్బుకో తిప్పతీగ వాడాలనుకుంటే ఆయుర్వేద వైద్యుణ్ని అడిగి, ఎన్నాళ్లో తెలుసుకుని వాడండి. ఆత్మరోగనిరోధక జబ్బులున్నవారు, కాలేయ సమస్యలున్నవారు, అవయవమార్పిడి చేయించుకున్నవారు సొంతంగా దాని జోలికి పోవద్దు. ఇది చక్కెరను తగ్గించే అవకాశం ఉంది కాబట్టి మధుమేహం మాత్రలు వేసుకునేవారు ముందే డాక్టరుకు చెప్పాలి. వాడుతుండగా కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులోకి మారినా వెంటనే ఆపి ఆసుపత్రికి వెళ్లండి. కషాయం తాగుతున్న సంగతి అక్కడ దాచకండి.