కొమ్ముపురుగు పుట్టిల్లు పెంటదిబ్బ

కోనసీమ కొబ్బరితోటలలో కత్తెరతో కత్తిరించినట్లు విసనకఱ్ఱ ఆకారమున తెగిన ఆకులు తరచుగా కానవచ్చును. ఇది కొమ్ముపురుగు పని. రాత్రివేళ ఎగిరివచ్చి, విచ్చుకొనని మొవ్వును తొలిచి తినును. ముదురుచెట్టు దిగుబడి తగ్గినను బ్రతుకును. లేతమొక్కకు మొవ్వు పోయినచో మొక్కయే పోవును. ఆ రంధ్రముగుండ ఎఱ్ఱముక్కు పురుగు కూడ ప్రవేశించును.

అమలాపురము వైపు తోటలో ఒక రైతు, "దింపువాళ్లు ఊచతో ఎన్ని లాగినా మళ్లీ వస్తూనే ఉన్నాయండి, మందేదైనా చెప్పండి" అని అడిగినారు. తోట మూలనున్న పెంటదిబ్బను జానెడు లోతు త్రవ్వించితిని. బొటనవ్రేలంత లావున, కొడవలివలె వంగిన తెల్లని పిల్లపురుగులు బయటపడినవి. "ఇవి ఎరువుకు మంచివనుకున్నామండి" అన్నారాయన. తోటను తినునది తమ దిబ్బలోనే పెరుగుచున్నదని చాలమంది ఎరుగరు.

తల్లిపురుగు కుళ్లుచున్న పెంటలోను, కొబ్బరి మొద్దులలోను గ్రుడ్లు పెట్టును. పిల్లపురుగు మూడు నాలుగు నెలలు అచటనే తిని పెరుగును. కావున రెండు నెలలకొకసారి దిబ్బను తిరుగవేసినచో పెద్దపురుగు కాకమునుపే దొరకును. కోళ్లను వదలినచో ఏరుకొనుపని అవియే చేయును. పడిన చెట్లను తోటలో కుళ్లనీయరాదు. 1996 నవంబరు తుపానువంటిది వచ్చినప్పుడు ఈ సంగతి మరింత ముఖ్యము.

పూర్వము దిబ్బలపై బి.హెచ్.సి. పొడి చల్లుమని చెప్పెడివారు. అది 1997లో నిషేధింపబడినది. నేడు మెటారైజియం అను బూజును నీటిలో కలిపి దిబ్బపై పోయవచ్చును. దిబ్బ తడిగా నుండవలెను, ఎండినచో బూజు పనిచేయదు. చచ్చిన పురుగులు గట్టిపడి పచ్చని బూజు పట్టును. వానిని పారవేయక దిబ్బలోనే ఉంచవలెను, తక్కినవానికి తెగులు అంటుకొనును. మరియొక సాధనము ఈ పురుగుకు సోకు వైరసు. 1963లో మలయాలో హ్యూగర్ అను శాస్త్రజ్ఞుడు దీనిని కనుగొనెను. మన దేశమున 1983లో మినికాయ్ దీవిలో విడిచిరి. వీనిని గూర్చి అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానమువారిని అడుగవచ్చును.

చెట్టుపైన చేయవలసినది కొద్దియే. పావుకిలో వేపపిండిలో అంతే ఇసుక కలిపి, మొవ్వు దగ్గరి మూడు మట్టల మొదళ్లలో వేయవలెను. ఏటా మూడుసార్లు వేసిన మేలు.

ఈ పురుగు గట్టులు దాటి ఎగురును. ఒక్కరు చేసి ప్రయోజనము లేదు. తొలకరికి ముందు ఊరి దిబ్బలన్నియు ఒకే వారములో తిరుగవేయునట్లు గ్రామోద్యోగులు పూనుకొనవలెను. నేను చూచిన రైతు ఆ సాయంకాలమే తన దిబ్బను తిరుగవేయించినారు. గట్టు ఆవలి దిబ్బ మాత్రము నేను మరల వెళ్లునాటికిని అట్లే యున్నది.