అశోకుని సోదరులు: కథ, శాసనం

జంషెడ్‌పూర్ నగరంలోని బిష్టుపూర్‌లో తెలుగువారి శ్రీరామ మందిరం ఉన్నది. రామకథ వినే అక్కడి భక్తులకు అన్నదమ్ముల వైరమనగానే వాలిసుగ్రీవులు స్ఫురిస్తారు. బౌద్ధ వాఙ్మయంలో ఆ ప్రసక్తి వస్తే ముందుగా తలచవలసినది అశోకుని. బిందుసారునికి 101 మంది కుమారులనీ, వారిలో సవతి సోదరులు 99 మందిని చంపి అశోకుడు రాజ్యం చేజిక్కించుకొన్నాడనీ, తోడబుట్టిన తిష్యుని ఒక్కనినే విడిచిపెట్టాడనీ సింహళంలో వెలసిన పాలి గ్రంథం ‘మహావంశం’ చెబుతున్నది.

హతులలో జ్యేష్ఠుడు సుమనుడు. నిండు గర్భిణి అయిన అతని భార్య తూర్పు ద్వారం గుండా పాటలీపుత్రం విడిచిపోయి, ఒక చండాలవాడ చెంత, మర్రిచెట్టు దాపున బిడ్డను కన్నది. న్యగ్రోధమంటే మర్రి గనుక ఆ బిడ్డకు నిగ్రోధుడని పేరు వచ్చింది. ఏడేళ్లకే శ్రామణేరుడైన ఆ బాలుడు ఒకనాడు రాజాంగణం మీదుగా పోతుండగా, అతని నిబ్బరమైన నడక చూసి అశోకుడు లోనికి పిలిపించి, తగిన ఆసనంపై కూర్చోమన్నాడు. వేరొక భిక్షువెవ్వరూ అక్కడ కనిపించకపోవడంతో బాలుడు నేరుగా సింహాసనం వైపు నడిచాడు. రాజు చేయూతనిచ్చి ఎక్కించాడు. ఏ పీఠం కోసం తన తండ్రి హతుడయ్యాడో ఆ పీఠంపై కూర్చున్న పిల్లవాడు, హంతకునికి అప్రమాదవర్గం బోధించాడు. పగకు ఇంతకన్న విపరీతమైన ముగింపు మన పురాణాలలోనూ అరుదు.

సంస్కృత ‘అశోకావదానం’లో 99 మంది ఊసు లేదు. అక్కడ సుసీముడనే సోదరుడు నిప్పుల గుంటలో పడి మరణిస్తాడు. అయితే అంతకన్న దారుణమైనది అశోకుడు రాజైన తరువాతి కథ. నిర్గ్రంథుల తలలకు అతడు వెల ప్రకటించగా, వ్యాధి వల్ల జుట్టూ గోళ్లూ పెరిగిపోయిన ఒక భిక్షువును నిర్గ్రంథుడని పొరబడి ఒక పశువుల కాపరి చంపి, శిరస్సు తెచ్చి వెల అడిగాడు. అది రాజు తమ్ముడు వీతశోకుని శిరస్సు.

మరి అశోకుని సొంత మాట ఏమిటి? కర్నూలు జిల్లా ఎఱ్ఱగుడి బండలపై కూడా చెక్కించిన 14 ప్రధాన శిలాశాసనాలలో అయిదవది ధర్మమహామాత్రుల నియామకాన్ని తెలుపుతున్నది. పట్టాభిషేకమైన 13 ఏళ్లకు నియమితులైన ఆ అధికారులు రాజు సోదరుల, సోదరీమణుల గృహాలలోనూ పనిచేస్తున్నారట! అవి మృతుల కుటుంబాలే కావచ్చునన్న వాదనకు చోటు లేకపోలేదు గాని, 99 అన్న సంఖ్యను అక్షరాలా నమ్మడం కష్టం. చండాశోకుడు ఎంత క్రూరుడైతే ధర్మాశోకుడు అంతగా ప్రకాశిస్తాడు. కథకులకు ఆ చీకటి అవసరమైనది. పదమూడవ శాసనంలో రాజు పశ్చాత్తాపపడినది కళింగ యుద్ధంలో చనిపోయినవారిని గురించి. సోదరుల వధను గురించి అందులో ఒక్క మాటైనా లేదు.