ఎకరానికి ఒక ఓటు

‘ది విలేజెస్’. పేరు వింటే నాలుగు పల్లెలు కలిసిన పంచాయతీ ఏదో అనుకుంటాం. ఫ్లోరిడా రాష్ట్రం నడిమధ్యలో సమ్టర్, లేక్, మేరియన్ అనే మూడు కౌంటీల్లో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిదనుకోండి) పరుచుకున్న రిటైర్‌మెంట్ కాలనీ అది. 2010 నుంచి 2020 దాకా అమెరికాలో అన్నిటికన్నా వేగంగా పెరిగిన మెట్రో ప్రాంతం ఏదని జనాభా లెక్కలు తిరగేస్తే వచ్చే పేరు ఇదే. ఆస్టిన్ కాదు, మన సీనియర్లు ఎగబడే డాలస్ కూడా కాదు. పదేళ్లలో 39 శాతం పెరిగి 1,29,752 మందికి చేరింది. ఆ పెరుగుదల పిల్లలు పుట్టి వచ్చింది కాదు. బయటినుంచి పెట్టే బేడా సర్దుకుని వచ్చి దిగినవాళ్లతో వచ్చింది.

అలాంటి ఊళ్లో ఉన్నవాళ్లే ఒక దశలో ‘ఇక చాలు, ఈ పెరగడానికి బిల్లు మేమెందుకు కట్టాలి’ అని తిరగబడ్డారు. ఎందుకు తిరగబడ్డారు, ఆ తర్వాత ఏమైంది అన్నదే ఈ వ్యాసం. నెల్లూరు తీరంలో కూర్చుని ఫ్లోరిడా గొడవ మనకెందుకబ్బా అంటారా? మన బ్యాచ్‌లో సగం మంది చెన్నైకో బెంగళూరుకో పోతారు, అందులో కొందరు అటునుంచి అటే విమానం ఎక్కుతారు. ఇంటి దగ్గర మిగిలేది అమ్మానాన్న. ‘సీనియర్ లివింగ్’ అనే మాట ఇప్పటికే మన పేపర్ల ప్రకటనల్లోకి వచ్చేసింది. కేంద్ర గృహనిర్మాణ శాఖ 2019లోనే రిటైర్‌మెంట్ హోమ్‌ల కోసం నమూనా మార్గదర్శకాలు విడుదల చేసింది. ఇంకో పది పదిహేనేళ్లకు ఆ ఫారాల మీద సంతకాలు పెట్టేది మనమే.

ముందు ఆ ఊరు ఎలా పుట్టిందో కొంచెం చూద్దాం. హెరాల్డ్ ష్వార్ట్జ్ అనే వ్యాపారి 1960లలో ఫ్లోరిడా భూముల్ని ముక్కలు చేసి పోస్టులో అమ్మేవాడు. 1968లో కేంద్ర చట్టం ఒకటి వచ్చి ఆ వ్యాపారానికి అడ్డం పడింది. మిగిలిపోయిన భూమిలో ఆరెంజ్ బ్లాసమ్ గార్డెన్స్ అని మొబైల్ ఇళ్ల పార్కు పెట్టారు. పదేళ్లు తంటాలు పడ్డా నాలుగు వందల ఇళ్లు అమ్మడమే గగనమైంది. 1983లో ఆయన కొడుకు గ్యారీ మోర్స్ పగ్గాలు పట్టుకున్నాడు. ఆరిజోనాలో డెల్ వెబ్ 1960లో తెరిచిన సన్ సిటీ కిటుకు వాళ్లకు అర్థమైంది: పెద్దవాళ్లు కొనేది ఇల్లు కాదు, పొద్దు గడిచే మార్గం. గోల్ఫ్ మైదానాలు, క్లబ్బులు, సాయంత్రం పాటకచేరీ ఉండే చౌరస్తాలు వచ్చాయి. 1992లో ఊరికి ఇప్పటి పేరు పెట్టారు. ఊరంతా గోల్ఫ్ కార్ట్‌ల మీద తిరగొచ్చు. హైవే దాటడానికి కార్ట్‌లకు ప్రత్యేకంగా వంతెన కూడా కట్టారు. మనవడు మాత్రం ఏడాదికి 30 రోజులకు మించి ఉండకూడదు. 19 ఏళ్లలోపు వాళ్లకు అక్కడ రూలు అది.

ఇంతవరకూ చదివితే ఎవరికైనా ముచ్చటేస్తుంది. అక్కడ ఉన్నవాళ్లలో చాలామందికి ఇప్పటికీ ముచ్చటే, అది దాచాల్సిన పని లేదు. అసలు చిక్కు ఊరికి పాలకులు ఎవరు అన్న దగ్గర వస్తుంది.

ఫ్లోరిడాలో 1980 నుంచి ఒక చట్టం ఉంది. దాని కింద ‘కమ్యూనిటీ డెవలప్‌మెంట్ డిస్ట్రిక్ట్’ అనే చిన్న ప్రభుత్వాన్ని పెట్టుకోవచ్చు. రోడ్లు, డ్రైనేజీ, నీళ్ల పైపులు వేయడానికి అది బాండ్లు అమ్మి అప్పు తెస్తుంది, ఆ అప్పును ఆ హద్దులో ఇల్లు కొన్నవాళ్ల దగ్గర ఏళ్ల తరబడి వసూలు చేస్తుంది. ఆలోచన చెడ్డదేం కాదు. వాడేవాడు కడతాడు, జిల్లా మొత్తం మీద భారం పడదు. కానీ దాన్ని నడిపే బోర్డును మొదట్లో ఎన్నుకునే పద్ధతి చూడండి. మనిషికి ఒక ఓటు కాదు, ఎకరానికి ఒక ఓటు. భూమంతా డెవలపర్‌దే కాబట్టి ఓట్లన్నీ డెవలపర్‌వే. ఆరేళ్లు గడిచి, 250 మంది ఓటర్లు చేరాక మెల్లగా నివాసుల ఎన్నికల్లోకి మారుతుంది.

ఆరేళ్లు ఓపిక పడితే సరిపోతుంది కదా అనిపిస్తుంది. అక్కడే ఒక మెలిక ఉంది. ఇళ్లున్న డిస్ట్రిక్టులు నివాసుల చేతికి వస్తాయి గానీ, చౌరస్తాలు, దుకాణాలు మాత్రమే ఉన్న ‘సెంటర్’ డిస్ట్రిక్టులు వేరేగా ఉన్నాయి. వాటి హద్దుల్లో ఇళ్లే లేవు. ఇళ్లు లేకపోతే నివాసులు ఉండరు, నివాసులు లేకపోతే 250 మంది ఎప్పటికీ పోగవరు. ఆ బోర్డు ఎప్పటికీ భూయజమానిదే. అలాంటి ఒక సెంటర్ డిస్ట్రిక్టు బాండ్లు అమ్మి, ఆ డబ్బుతో గోల్ఫ్ మైదానాల్నీ క్లబ్బుల్నీ డెవలపర్ దగ్గరే కొన్నది. అప్పు తీరేది దేనితో? ఇంటింటి నుంచీ నెలనెలా కట్టే అమెనిటీ ఫీజుతో. అమ్మేవాడూ, కొనే బోర్డును ఎన్నుకునేవాడూ ఒకరే, బిల్లు మాత్రం మూడోవాడికి. తీరిగ్గా చదివితే డీబీఎంఎస్ నోట్స్‌లో సర్క్యులర్ రిఫరెన్స్ లాగా ఉంటుంది.

ఇది నేను కల్పించిన అనుమానం కాదు. అమెరికా పన్నుల శాఖ 2008లో ఆ బాండ్ల మీద పరిశీలన మొదలుపెట్టింది. డెవలపర్ గుప్పిట్లో ఉన్న సంస్థను నిజమైన ప్రభుత్వంగా ఒప్పుకుని పన్ను మినహాయింపు ఇవ్వొచ్చా అన్నది ప్రశ్న. ఇవ్వకూడదనే వైపే ఆ శాఖ 2013లో మొగ్గింది. చివరికి 2016లో ఏ మార్పూ చేయకుండానే ఫైలు మూసేసింది. అదలా ఉంచి, సౌకర్యాల మరమ్మతులకు డబ్బు చాలడం లేదని నివాసులే వేసిన కేసు 2008లో రాజీకి వచ్చింది. ఏళ్ల వారీగా సుమారు 40 మిలియన్ డాలర్లు ఇవ్వడానికి డెవలపర్ ఒప్పుకున్నాడు, అమెనిటీల మీద నివాసుల కమిటీ ఒకటి ఏర్పడింది. అంటే అడిగినచోట కొంత దక్కింది.

అసలు పోరు రోడ్ల దగ్గర వచ్చింది. కొన్నేళ్లుగా ఊరు దక్షిణం వైపు సాగుతోంది. కొత్త ఇళ్లకు కొత్త రోడ్లు కావాలి. 2019లో సమ్టర్ కౌంటీ కమిషన్ ఆస్తి పన్ను రేటును సుమారు 25 శాతం పెంచింది. పింఛను మీద బతికేవాళ్లకు ఒకేసారి 25 శాతం అంటే చిన్న మాట కాదు. ‘నా ఇంటి ముందు రోడ్డుకు బాండు రూపంలో నేను ఇప్పటికే కట్టాను, ఇంకా పుట్టని ఇళ్ల రోడ్డుకు కూడా నేనే కట్టాలా’ అన్నది వాళ్ల ప్రశ్న. ఇక్కడ ‘ఇంపాక్ట్ ఫీజు’ అనే మాట తెలుసుకోవాలి. కొత్త ఇల్లు కడితే రోడ్ల మీద కొత్త బరువు పడుతుంది కాబట్టి ఆ ఖర్చులో వాటా కట్టేవాడే ఇవ్వాలి. అదే ఇంపాక్ట్ ఫీజు. దాన్ని పెంచండి, మా పన్ను తగ్గించండి అన్నారు జనం. పాత కమిషనర్ల వాదన వేరు. ఊరు పెరిగితే పన్ను కట్టే ఇళ్లూ పెరుగుతాయి, దుకాణాలు, ఆసుపత్రులు వస్తాయి, ఫీజు పెంచితే ఆ బండి ఆగిపోతుందని. ఆ వాదనను కొట్టిపారేయలేం. పెరుగుదల తెచ్చిన పన్నులతోనే ఆ కౌంటీ చాలా ఏళ్లు హాయిగా నడిచింది. కాకపోతే లాభం ముందు ఒకరికి, ఖర్చు ముందు ఇంకొకరికి వస్తే ‘చివరికి అందరికీ మంచిదే’ అన్న మాట డెబ్బై దాటినవాడి చెవికి ఎక్కదు. ఆ చివర దాకా తను ఉంటాడో లేదో!

2020 ఎన్నికల్లో పాత కమిషనర్లు ముగ్గురు ఓడిపోయారు. క్రెయిగ్ ఎస్టెప్, ఓరెన్ మిల్లర్, గ్యారీ సెర్చ్ గెలిచారు. ఊళ్లో దినపత్రిక ‘డైలీ సన్’ డెవలపర్ కుటుంబానిదే, రేడియో స్టేషనూ వాళ్లదే. అలాంటిచోట ఈ గెలుపు మామూలు విషయం కాదు. 2021లో కొత్త కమిషన్ రోడ్ల ఇంపాక్ట్ ఫీజును పెంచడానికి సిద్ధమైంది. అదే ఏడాది రాష్ట్ర శాసనసభ ఒక చట్టం చేసింది: ఇంపాక్ట్ ఫీజును ఎవరు పెంచినా 50 శాతం మించకూడదు, అదీ నాలుగేళ్లలో విడతలుగా. పైగా ఆ ఏడాది జనవరి 1 నుంచే అమలైనట్టు లెక్క. కౌంటీలో ఓటుతో గెలిచినది రాష్ట్ర రాజధానిలో చాలావరకు ఆవిరైపోయింది.

తర్వాతి మలుపు ఇంకా విచిత్రం. ఒకే బోర్డు సభ్యులు బోర్డు విషయాలు చాటుగా మాట్లాడుకోకూడదని ఫ్లోరిడాలో చట్టం ఉంది. మంచి చట్టమే. మిల్లర్, సెర్చ్ ఫోన్‌లో మాట్లాడుకున్నారని ఆరోపణ వచ్చింది. విచారణలో ఆ కాల్స్ గురించి ప్రమాణం చేసి అబద్ధం చెప్పారని 2021 డిసెంబరులో కేసు పెట్టారు. 2022 జనవరిలో గవర్నర్ ఇద్దర్నీ సస్పెండ్ చేశారు. సెర్చ్ ప్రాసిక్యూషన్‌తో ఒప్పందానికి వచ్చారు. డెబ్బై దాటిన మిల్లర్ విచారణకు నిలబడి, దోషిగా తేలి, జైలుకు వెళ్లారు. 2024లో అప్పీలు కోర్టు ఆ తీర్పును కొట్టేసింది. ఆ ఏడాదితోనే ఆయన గెలిచిన నాలుగేళ్ల పదవీకాలమూ అయిపోయింది.

డబ్బు గొడవ పక్కన పెట్టి కాళ్ల కింద నేల చూద్దాం, ఇది మన సబ్జెక్టు. మధ్య ఫ్లోరిడా కింద ఉన్నది సున్నపురాయి. కొద్దిగా ఆమ్లగుణం ఉన్న వాన నీరు వేల ఏళ్లుగా దాన్ని కరిగించి లోపల గుహలు చేసింది. పైన ఇసుక, బంకమట్టి మూత లాగా ఉంటాయి. భూగర్భ జలం ఎత్తు తగ్గితే ఆ మూతకు కింది నుంచి ఉండే ఆసరా పోతుంది. ఆ తర్వాత పెద్ద వాన వచ్చి పైన బరువు పెంచితే మూత కూలి గొయ్యి పడుతుంది. 2018లో ది విలేజెస్‌లో ఇళ్ల పక్కనే అలాంటి గోతులు పడి కొందరు ఇళ్లు ఖాళీ చేయాల్సి వచ్చింది. ప్రతి గొయ్యికీ కట్టడాలే కారణం అనలేం, మనుషులు లేనిచోటా అవి పడతాయి. గోల్ఫ్ మైదానాలకు శుద్ధి చేసిన మురుగునీరు, వాననీరు వాడుతున్నారు, ఆ మేరకు మెచ్చుకోవాలి. కానీ వేలకొద్దీ ఇళ్ల బోర్లు, వాననీటి చెరువులు కలిసి నేల కింది నీటి లెక్కను మార్చక మానవు.

మన తీరంలో సున్నపురాయి లేదు, ఇసుక ఉంది. గోతుల భయం లేదు గానీ ఉప్పు భయం ఉంది. హైడ్రాలజీ క్లాసులో నిద్రపోనివాళ్లకు గైబెన్-హెర్జ్‌బర్గ్ సూత్రం గుర్తుండే ఉంటుంది: సముద్ర మట్టం పైన మంచినీరు ఒక మీటరు ఎత్తున నిలిస్తే, కింద సుమారు 40 మీటర్ల లోతు దాకా ఉప్పునీటిని తోసిపెడుతుంది. దాన్నే తిరగేసి చదవండి. బోర్లు వేసి ఆ ఎత్తును అర మీటరు తగ్గిస్తే, ఉప్పునీరు కింది నుంచి 20 మీటర్లు పైకి రావడానికి దారి ఇచ్చినట్టే. మైపాడు, కోడూరు, రామతీర్థం వైపు సముద్రం పక్కనే చేతిపంపులో తియ్యటి నీళ్లు రావడం వెనక ఉన్నది ఆ పలచటి మంచినీటి పొరే.

వేగంగా పెరగడం అంటే ఏంటో మన తీరం ఒకసారి చూసింది కూడా. 1990ల మొదట్లో రొయ్యల గుంటలు బకింగ్‌హామ్ కాలువ వెంబడి ఉప్పెనలా పెరిగాయి. బావులు ఉప్పు తేలాయి. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో నెల్లూరు జిల్లా మత్స్యకార గ్రామం ఒకదాని ప్రస్తావన ఉంది: రొయ్యల గుంటల వల్ల నీరు ఉప్పగా మారి అక్కడి 600 మందికి తాగునీరు లేకుండా పోయిందని. గుంటలు తవ్వినవాళ్లు వేరు, నీళ్ల బిందె మోసినవాళ్లు వేరు.

చట్టం విషయంలో మనం కొంత మెరుగే. ఎకరానికి ఓటు మన దగ్గర లేదు, పంచాయతీలో మనిషికి ఒక ఓటే. 2016 రెరా చట్టం ప్రకారం క్లబ్‌హౌస్, పార్కు లాంటి ఉమ్మడి ఆస్తుల్ని బిల్డర్ నివాసుల సంఘానికి అప్పగించాలి. కానీ సీనియర్ లివింగ్‌లో ఇల్లు కొనకుండా డిపాజిట్ కట్టి లీజుకు ఉండే పద్ధతీ ఉంది. యజమాని కానివాడికి యజమానుల సంఘంలో చోటెక్కడ? భోజనం, నర్సు, అంబులెన్సు చూసుకునే కంపెనీ వేరు, కట్టిన కంపెనీ వేరు అయితే దేనికి ఎవర్ని పట్టుకోవాలి? 2019 మార్గదర్శకాలు ఇలాంటి ఒప్పందాల గురించి చెప్పాయి, కానీ అవి నమూనా మాత్రమే, రాష్ట్రం తీసుకుంటేనే అమలు.

కాబట్టి రేపు మైపాడు రోడ్డులో సైట్ చూడ్డానికి నాన్నతో వెళ్తే క్లబ్‌హౌస్ ఫొటోలు ఆయన చూస్తారు, మీరు ఇవి అడగండి. రెండో దశ, మూడో దశ కట్టాలంటే మొదటి దశ వాళ్లను అడుగుతారా? ఆ రోడ్ల ఖర్చు మెయింటెనెన్స్‌లో కలుస్తుందా? నీళ్లు పథకం నుంచా, బోరు నుంచా? బోరు అంటే వేసవి చివర్లో టీడీఎస్ ఎంత? తాగునీటికి మన ప్రమాణం లీటరుకు 500 మిల్లీగ్రాములు, వేరే దిక్కు లేకపోతే 2000 దాకా. వాళ్లు చెప్పిన అంకెను నమ్మనక్కర్లేదు. జేబులో పట్టే టీడీఎస్ మీటరు కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. మే నెలలో వెళ్లండి, వానలు పడ్డాక కాదు.