స్టీల్ బ్యాంక్ అంటే ఏంటి? ఊళ్లో ఫంక్షన్ అయ్యాక ప్లాస్టిక్ కుప్ప మిగలకుండా ఎలా ఆపుతుంది?

పెళ్లి అయిపోతుంది. బంధువులు వెళ్లిపోతారు. టెంట్ కూడా విప్పేస్తారు. కానీ ఊరి చివర ఒకటి మాత్రం మిగిలిపోతుంది.. వాడి పారేసిన ప్లేట్లు, గ్లాసుల కుప్ప. కొంత గాలికి చెరువులోకి చేరుతుంది. అన్నం మెతుకుల కోసం ఆవులు కొంత తినేస్తాయి. మిగిలింది ఎవరో ఒకరు తగలబెడతారు. ఈ కుప్పకు చెక్ పెట్టేందుకు తెలంగాణలోని సిద్దిపేట జిల్లా పల్లెలు పట్టుకున్న దారే స్టీల్ బ్యాంక్.

ఒక్క భోజనానికి ఎంత చెత్త?

చిన్న లెక్క చూద్దాం. 300 మంది వచ్చిన ఫంక్షన్‌లో ఒక్కొక్కరికి ఒక ప్లేటు, ఒక గ్లాసు, ఒక కప్పు, ఒక స్పూన్ ఇచ్చారనుకుందాం. ఒక్క పూటకే 1,200 ముక్కల చెత్త. అలాంటి ఫంక్షన్లు ఊళ్లో ఏడాదికి 20 జరిగితే 24,000 ముక్కలు!

బ్యాన్ ఉంది కదా?

ఉంది. 2022 జులై 1 నుంచి దేశవ్యాప్తంగా ప్లాస్టిక్ ప్లేట్లు, కప్పులు, గ్లాసులు, స్పూన్లు, స్ట్రాలపై నిషేధం అమల్లోకి వచ్చింది. అయితే వాటి ప్లేస్‌లోకి పేపర్ కప్పులు వచ్చాయి. పేరుకు పేపరే అయినా, నీళ్లు కారకుండా లోపల పలుచని ప్లాస్టిక్ పొర ఉంటుంది. ఇలాంటి కప్పులో 100 మిల్లీలీటర్ల వేడి ద్రవం 15 నిమిషాలు ఉంటే దాదాపు 25,000 సూక్ష్మ ప్లాస్టిక్ కణాలు అందులో కలుస్తాయని ఐఐటీ ఖరగ్‌పూర్ పరిశోధకులు తేల్చారు. అంటే 'వద్దు' అని చెప్పడం ఒక్కటే సరిపోదు. 'దాని బదులు ఇది వాడండి' అని చేతికి అందించేవాళ్లు కావాలి.

బ్యాంక్ ఎలా పనిచేస్తుంది?

ఇక్కడ డబ్బులు ఉండవు. స్టీల్ ప్లేట్లు, గ్లాసులు, గిన్నెలు, గరిటెలు, బకెట్లు ఉంటాయి. సిద్దిపేట జిల్లాలో వీటి నిర్వహణను మహిళా సంఘాల చేతికి ఇచ్చారు. పద్ధతి సింపుల్. ఫంక్షన్ ఉన్నవాళ్లు ముందుగా చెప్పాలి. లెక్కపెట్టి ఇస్తారు, రిజిస్టర్‌లో రాస్తారు. తిరిగి వచ్చాక మళ్లీ లెక్కపెడతారు. తగ్గితే దాని ఖరీదు కట్టాలి. నామమాత్రపు అద్దె సంఘానికి ఆదాయం.

టెంట్ హౌస్‌లోనూ సామాన్లు దొరుకుతాయి కదా అనొచ్చు. కానీ చిన్న పల్లెల వాళ్లు దాని కోసం మండల కేంద్రానికి వెళ్లాలి. పైగా ఆటో కిరాయి. పక్క కిరాణా షాపులో ప్లేట్ల కట్ట రెడీగా ఉన్నప్పుడు అంత దూరం ఎవరు వెళ్తారు? బ్యాంక్ ఊళ్లోనే ఉంటే ఆ సాకు ఉండదు.

అసలు చిక్కు.. కడిగేదెవరు?

ఇలాంటి ప్రయత్నాలు ఆగిపోయేది ఇక్కడే. పర్యావరణం పేరు చెప్పి 300 ప్లేట్లు తోమే పని ఇంటి ఆడవాళ్ల మీద పడేస్తే, రెండో ఫంక్షన్‌కే మళ్లీ పేపర్ ప్లేట్లు వచ్చేస్తాయి. అందుకే కడిగే కూలీని కూడా అద్దెలోనే కలపాలి. అప్పుడది ఊళ్లో ఒకరిద్దరికి పని కూడా అవుతుంది. తోమిన నీళ్లు రోడ్డు మీదకు పోకుండా ఇంకుడు గుంతకు మళ్లిస్తే ఆ సమస్యా తీరుతుంది.

'ఎవరెవరో తిన్న కంచాలు' అనే మాట కూడా వినిపిస్తుంది. హోటల్‌లో మనం తినేదీ పదిమంది తిన్న ప్లేటులోనే. సబ్బుతో తోమి, వేడి నీళ్లలో కడిగి, ఎండలో ఆరబెడితే స్టీల్‌కు వంక పెట్టడానికి ఏమీ ఉండదు.

మొదలుపెట్టాలంటే?

ఒకేసారి వెయ్యి ప్లేట్లు కొనక్కర్లేదు. వంద సెట్లతో కూడా మొదలుపెట్టొచ్చు. స్టీల్ సామాన్ల మీద పేర్లు కొట్టించడం మన ఇళ్లలో పాత అలవాటే. పుట్టినరోజుకో, పెద్దల జ్ఞాపకార్థమో పది ప్లేట్లు ఇచ్చినవాళ్ల పేరు వాటి మీద వేయిస్తే ఇచ్చేవాళ్లు ముందుకొస్తారు. పక్కనే సంఘం పేరు ఉంటే సామాను ఇంకో ఇంట్లో కలిసిపోదు. సొట్టపోయినా పాత స్టీల్‌కు రేటు ఉంటుంది. ప్లాస్టిక్ కుప్పకు అదీ ఉండదు.

2015లో కేరళ జాతీయ క్రీడలనే గ్రీన్ ప్రోటోకాల్‌తో నడిపింది. వేల మంది వచ్చిన చోట డిస్పోజబుల్స్‌ను పక్కన పెట్టగలిగారు. అలాంటప్పుడు 300 మంది భోజనం ఏ ఊరికీ పెద్ద లెక్క కాదు. వచ్చే ఫంక్షన్‌కు లిస్ట్ రాసేటప్పుడు 'పేపర్ ప్లేట్లు' అని రాసే ముందు, ఊళ్లో మహిళా సంఘాన్ని ఒక్కమాట అడిగితే చాలు.. పని అక్కడి నుంచే మొదలవుతుంది.