ఈజిప్టువారును, యవనులును



నేను బడిపంతులుగా నున్న కాలమున ప్రాచీనచరిత్ర పాఠము చెప్పినప్పుడెల్ల పిల్లలలో నెవడో యొకడు లేచి, "పంతులుగారూ! ఈజిప్టువారు గొప్పవారా, గ్రీకులు గొప్పవారా?" యని యడిగెడివాడు. భీముడు గొప్పవాడా, అర్జునుడు గొప్పవాడా యని యడిగినట్లే. పరీక్షల తొందరలో నేదో యొకటి చెప్పి తప్పించుకొనెడివాడను. ఇప్పుడు ఉద్యోగము విరమించి తీరిక చిక్కినది గనుక ఆ ప్రశ్ననే కొంచెము మార్చి మీ యెదుట నుంచుచున్నాను. ఎవరు గొప్ప యన్న మాట యటుండనిండు. ఈ యిరువురిలో నెవరు దేనిని నిలుపుకొనగోరిరి? నిలుపు భారమును నెవరిచేత బెట్టిరి? తుదకు నిలిచినదేమి?

మొదట వారి నేలను జూతము. వ్యవసాయదారులైన పెద్దలకు నేల తెలిసిన సగము సంగతి తెలిసినట్లే. ఈజిప్టు వానలేని దేశము. ఇరుప్రక్కల నెడారి, నడుమ నైలునది. దక్షిణమున ఇథియోపియా కొండలలో గురిసిన వానలకు ఆ నది యేటేట వేసవిలో పొంగి, పొలముల మీద నల్లని యొండ్రుమట్టి పఱచి, కొన్ని నెలలకు దిగిపోయెడిది. అటుపిమ్మట రైతు విత్తనము చల్లెడివాడు. ఆ మట్టిని బట్టియే వారు తమ దేశమునకు నల్లనేల యను నర్థమిచ్చు పేరు పెట్టుకొనిరి. ఆస్వాను వద్ద 1970వ సంవత్సరమున ముగిసిన గొప్ప యానకట్ట తరువాత ఆ వరద నిలిచిపోయినది గాని, అంతకు బూర్వము కొన్నివేల యేండ్లు ఆ దేశపు బ్రదుకంతయు దానిమీదనే నడచినది. వరద తక్కువైన కఱవు, ఎక్కువైన ఊళ్ల నాశము; మొత్తముమీద నిరుడు వచ్చినది ఈయేడును వచ్చును. ఇట్టి నేలమీద పుట్టినవారికి, ఉన్న క్రమము చెడకుండుటయే ధర్మమని తోచుట వింతగాదు. ఆ క్రమమునకు వారు మాఅత్ అని పేరిడి, దానిని తలమీద ఈక ధరించిన దేవతగా గొలిచిరి. ఆ మాట విన్నప్పుడెల్ల నాకు వేదమునందలి ఋతము స్ఫురించును.

గ్రీసుదేశ మట్టిది కాదు. కొండలు, ఇఱుకులోయలు, ఎటుచూచినను సముద్రము. యవలు, ద్రాక్ష, ఆలివుచెట్లు పండునుగాని, ఏథెన్సు వంటి పెద్దనగరమునకు ధాన్యము ఓడలమీద రావలెను. కొండకొక రాజ్యము, దీవికొక రాజ్యము. చిన్నవి పెద్దవి కలిపి వేయికి మించిన నగరరాజ్యములు. ఒక్కొకదానికి వేఱు చట్టము, వేఱు పంచాంగము, వేఱు నాణెము. వీరిలో ఆసియా తీరమున నుండిన అయోనియనుల పేరు బట్టియే మన పూర్వులు గ్రీకుల నెల్లర యవను లనిరి. ఏ యూరి కాయూరు పౌరుషముగల జనము; తమలో దాము పోరాడుటయే వారికి నిత్యవ్రతము.

ఇక మరణముమాట. ఈజిప్టువారి సంగతి యనగనే పిరమిడులు మనసునకు వచ్చును. కూఫూ యను రాజునకై క్రీ.పూ. 2560 ప్రాంతమున గట్టిన పెద్ద పిరమిడు మొదట 146 మీటర్ల యెత్తుండెను. ఇరువది మూడు లక్షల రాళ్లు పట్టెనని లెక్క. ఇంతయు నేల? కాయము నిలువవలెనని. దేహము చెడినచో పరలోకమున ఆత్మకు నిలుకడ లేదని వారి నమ్మకము. గ్రీకు యాత్రికుడగు హెరొడోటసు క్రీ.పూ. 5వ శతాబ్దమున ఆ దేశమునకు బోయి, శవమును నిలువజేయు పద్ధతులను మూడింటిని, ధనికునకొకటి, మధ్యతరగతికొకటి, బీదవానికొకటిగా వర్ణించి వ్రాసెను. శ్రేష్ఠమైన పద్ధతిలో మెదడును ముక్కుగుండ దీసివేసి, పేగులు మొదలగువానిని వేఱుపఱచి, దేహమును ఒకవిధమగు సవుడుప్పుతో గప్పి యెండించి, నారబట్టలతో జుట్టుదురు. మొత్తము డెబ్బది దినముల తంతు. మెదడును బాఱవేసినవారు గుండెను మాత్రము దేహమునందే యుంచిరి. బుద్ధికి స్థానము గుండెయని వారి మతము. పరలోకమున ఒసిరిసు దేవుని సభలో నా గుండెను త్రాసులో నొకవైపున బెట్టి, రెండవవైపున మాఅత్ దేవత యీకను బెట్టి తూచుదురట. ప్రక్కన కొంగతలగల థోత్ దేవుడు గంటము బట్టి లెక్క వ్రాసికొనును. మన చిత్రగుప్తుడు జ్ఞప్తికి వచ్చుచున్నాడా? నాకును వచ్చినాడు.

గ్రీకులకు పరలోకముమీద నింత యాశ లేదు. హోమరు కావ్యమున మహావీరుడగు అకిలీసు ప్రేతలోకమున గనబడి, చచ్చినవారి కెల్ల రాజుగా నుండుటకంటె భూమిమీద బీదరైతు నొద్ద కూలివాడుగా నుండుట మేలని వాపోవును. అట్టివారు నిలుపుకొనగోరిన దేమి? పేరు. మన పండితులు యశఃకాయ మందురు గదా, అది. ఒకరు కాయమును నిలుపబూనిరి, ఒకరు యశఃకాయమును నిలుపబూనిరి. అయినను ఈ భేదమును మితిమించి చెప్పరాదు. ఈజిప్టువారికిని పేరన్న బ్రాణమే. గోడమీది పేరును చెక్కివేయుట మనిషిని రెండవమాఱు చంపుటగా వారు తలచిరి. కావున నిరువురికిని కావలసినది వ్రాత. నేనీ ప్రసంగమునకు దిగినదియు దానికొఱకే.

ఈజిప్టువారి గోడవ్రాత బొమ్మల వ్రాత. దానిని వారు దేవుని మాటలని వ్యవహరించిరి. పక్షి, పాము, కన్ను, చేయి, నీటి యల, ఇట్లు వాడుకలో నేడువందలకు పైబడిన గుఱుతులు. కొన్ని శబ్దమును, కొన్ని యర్థమును దెలుపును. దీనిని నేర్చుటకు బాల్యమునుండి యేండ్లకేండ్లు పట్టెడిది. నేర్చినవాడు పన్ను లెక్కలకు, ధాన్యపుకొట్లకు, దేవాలయములకు నధికారి. మన కరణముకంటె నెన్నోరెట్లు బలవంతుడు. తండ్రి కొడుకును వ్రాతబడిలో జేర్ప దోడ్కొనిపోవుచు, కుమ్మరి పాట్లు, చాకలి పాట్లు, రైతు పాట్లు వరుసగా నేకరువు పెట్టి, వ్రాయసకానికి మాత్రమే పైన నధికారి లేడని బోధించు గ్రంథమొకటి వారి బడులలో పాఠ్యముగా నుండెను. అది చదివినప్పుడు నాకు నవ్వు వచ్చినది. మా నాయనగారు నన్ను బడికి బంపుచు జెప్పినదియు నించుమించుగా నదియే.

గ్రీకులో, క్రీ.పూ. 8వ శతాబ్ద ప్రాంతమున ఫినీషియను లను వర్తకులవద్ద అక్షరములు ఎరువు దెచ్చుకొనిరి. ఆ యక్షరములకును పాతమూలము ఈజిప్టు బొమ్మలే యని పండితుల యభిప్రాయము. ఫినీషియనులు హల్లులు మాత్రమే వ్రాయుదురు. అచ్చులు లేని వ్రాత యెట్లుండునో యూహింపుడు: కమల యన్నను, కోమలి యన్నను క, మ, ల మూడే; సందర్భము చూచి చదువుకొనవలెను. గ్రీకులు తమకు బనికిరాని కొన్ని హల్లుల గుఱుతులను అచ్చులకు గేటాయించిరి. చిన్న పనివలె గనబడును. కాని యిరువదినాలుగు గుఱుతులతో నోటిమాట యంతయు వ్రాయ వీలుపడెను. చుఱుకైన కుఱ్ఱవాడు కొన్ని నెలలలో నేర్చును.

ఫలమేమో యొక్క యుదాహరణము చాలును. ఈజిప్టు దక్షిణపు సరిహద్దున అబూసింబెలు నందు రెండవ రామ్సెసు మహారాజు తన విగ్రహములను కొండనుండి తొలిపించెను. ఒక్కొకటి యిరువది మీటర్ల యెత్తు. తరువాత నారువందల యేండ్లకు పైగా గడచినపిమ్మట, క్రీ.పూ. 590 ప్రాంతమున, ఈజిప్టు రాజుకొల్వున జీతమునకు వచ్చిన గ్రీకు సిపాయిలు దండయాత్రలో నాదారిని బోవుచు, ఆ మహారాజు కాలిమీద తమ పేర్లను గీకిపోయిరి. నేటికిని ఆ గీతలున్నవి. గుడిగోడల మీద పేర్లు గీకు కుఱ్ఱవాండ్రను నేను బెత్తముతో గొట్టినవాడను. ఆ సిపాయిల పనిని మెచ్చలేను. కాని గమనింపుడు: విగ్రహముమీది రాజు పేరును చెక్కినవాడు రాజు కొఱకు చెక్కెను, కాలిమీది పేరును కూలిసిపాయి తనకు దానే వ్రాసికొనెను.

లెక్కల విషయమున నీ భేదమే వేఱురూపమున గానవచ్చును. క్రీ.పూ. 1550 ప్రాంతమున అహ్మోసు అను వ్రాయసకాడు అంతకంటె పాతదగు మాతృకనుండి యెత్తి వ్రాసిన గణితగ్రంథ మొకటి మనకు దొరికినది. అందు రొట్టెలను పనివారికి బంచుట, కొట్లలో ధాన్యము కొలుచుట వంటి లెక్కలు గలవు. వృత్తపొలమును కొలుచుటకు వ్యాసములో తొమ్మిదవవంతు తీసివేసి, మిగిలినదానిని వర్గము చేయుమని పద్ధతి. వ్యాసము తొమ్మిదైన వైశాల్యము అరువదినాలుగు. అసలు లెక్కకు కొద్దిపాటి తేడా మాత్రమే. ఎంత దగ్గఱగా బోయిరి! ఇది యెట్లు వచ్చినదని మాత్రము గ్రంథములో లేదు. ఇట్లు చేయుము, ఇది సరి యని యుండును. మన శుల్బసూత్రముల పోకడయు నిట్టిదే. గ్రీకుల థేలీసు ఈజిప్టునకు బోయి, తన నీడ తన పొడవునకు సరియైన వేళ చూచి, పిరమిడు నీడను కొలిచి దాని యెత్తు చెప్పెనని వారి యైతిహ్యము. ఆ కథను నేను తాటిచెట్టు నీడలో పిల్లలను నిలువబెట్టి పలుమాఱు చెప్పితిని. అందులో గ్రీకు స్వభావమున్నది: ఎందువలన నగునో చెప్పి యెదుటివానిని ఒప్పింపవలెను. తరువాత క్రీ.పూ. 300 ప్రాంతమున యూక్లిడు ఆ యొప్పించు పద్ధతిని పదుమూడు భాగముల గ్రంథముగా గూర్చెను. కూర్చినదెక్కడ? ఈజిప్టుగడ్డమీది అలెగ్జాండ్రియాలో.

ఇంతమాత్రమున గ్రీకులను నెత్తికెత్తుకొనరాదు. ఏథెన్సు ప్రజాప్రభుత్వమునందు స్త్రీలకును బానిసలకును నోరులేదు. అక్కడి స్త్రీ చిన్నపాటి కొనుగోలునకు మించి స్వయముగా నొప్పందము చేసికొనరాదు. ఈజిప్టు స్త్రీ తన యాస్తి తానమ్ముకొనును, తానే న్యాయస్థానమునకు బోవును. ప్రశ్నించుట నేర్పిన సోక్రటీసునకు క్రీ.పూ. 399లో విషము త్రాగించినవారును ఏథెన్సు పౌరులే.

గ్రీకులు తమ లోప మెఱుగనివారు కారు. సోక్రటీసు శిష్యుడగు ప్లేటో తన గ్రంథములలో ఈజిప్టువారిమీద రెండు కథలు చెప్పెను. ఒకదానిలో ఈజిప్టు పూజారి గ్రీకు శాసనకర్తయగు సోలనుతో, పాతసంగతులు మఱచు మీరెల్లప్పుడు పిల్లలేయనును. రెండవదానిలో థోత్ దేవుడు వ్రాతను గనిపెట్టి రాజునకు జూపగా, ఇది జ్ఞాపకమును బెంచదు, మఱపును బెంచునని రాజు త్రోసిపుచ్చును. అమరకోశమును వల్లెవేసి పెరిగిన నాకు ఆ రాజుమీద ననుతాపమున్నది. వ్రాసి పెట్టితినిగదా యను ధీమా యెంతటి చెఱుపు చేయునో నా యింటనే చూచితిని. కాని అది చెప్పుటకు ముందు ఈజిప్టు వ్రాత యేమయ్యెనో చెప్పవలెను.

క్రీ.పూ. 332లో అలెగ్జాండరు ఈజిప్టును జయించెను. పిమ్మట మూడువందల యేండ్లు గ్రీకుజాతి రాజులు, తరువాత రోమనులు ఏలిరి. కచ్చేరీభాష గ్రీకు. బొమ్మలవ్రాత గుడులకే పరిమితమై, గుడిపూజారులు తగ్గినకొలది తగ్గుచు వచ్చెను. నైలునదిలోని ఫిలే దీవి గుడిలో క్రీ.శ. 394 ఆగష్టు 24వ తేదీన నొక పూజారి తన వ్రాత యెల్లకాలము నిలువవలెనని కోరుచు నొక శాసనము చెక్కెను. మనకు దెలిసిన బొమ్మలశాసనములలో నదియే చివరిది. రాయి నిలిచినది. చదువగలవాడు పోయినాడు. పదునాలుగు వందల యేండ్లు ఆ గోడలయెదుట నిలిచినవా రెవరికిని వానిలో నొక్క మాటయైన తెలియలేదు.

మఱల తెలిసినది గ్రీకక్షరము చలువవలన. ఈజిప్టు క్రైస్తవులు తమ మాటను గ్రీకక్షరములలో, తక్కువపడిన ధ్వనులకు కొన్ని పాతగుఱుతులు చేర్చి, వ్రాసికొనిరి. అది కోప్టుభాషగా గుడులలో నిలిచెను. 1799లో ఫ్రెంచి సిపాయిలకు రొసెట్టా యను నూరివద్ద దొరికిన రాతిమీద క్రీ.పూ. 196 నాటి యొకే శాసనము బొమ్మలలోను, వాడుకవ్రాతలోను, గ్రీకులోను నున్నది. కోప్టుభాష నేర్చిన షాంపోలియను అను ఫ్రెంచి పండితుడు 1822లో దానిని సాధించెను.

అయితే ఋణము తీర్చుకొన్నది ఈజిప్టే. 1896 మొదలు ఆక్సిరింకసు అను పాతయూరి చెత్తదిబ్బలను గ్రెన్‌ఫెల్, హంటు అను నాంగ్లేయు లిరువురు త్రవ్వగా, ఆ యెండుటిసుకలో చెడక గ్రీకుకాగితములు వేలకొలది బయలుపడెను. అంతకు బూర్వమే, అరిస్టాటిలు పేర బరగు ఏథెన్సు రాజ్యాంగ గ్రంథము, గ్రీసున నెక్కడను మిగులనిది, ఈజిప్టులో దొరికి 1891లో అచ్చుపడినది. అది వ్రాసియున్నదెక్కడ? ఒక కమతపు జమాఖర్చుల కాగితము వెనుకవైపున! ఆక్సిరింకసు కాగితములలోనే మనదేశపు తీరమున నడచు గ్రీకు ప్రహసనమొకటి యున్నది. అందు మన తీరపువారి నోట బలికించిన వింతమాటలు కన్నడమని కొందఱు, తుళువని కొందఱు, కాదని కొందఱు వాదించుచున్నారు. తెలుగని యెవ్వరు నన్నట్లు నేను వినలేదు.

ఇక నా యింటి సంగతి. మా తాతగారి తాటాకు గ్రంథములు రెండు కట్టలు అటకమీద నున్నవి. ఒకటి తెలుగులిపి, నేను చదువగలను. రెండవది గ్రంథలిపి. మా నాయనగారు చదివెడివారు. నేర్పుదునని పిలిచినప్పుడెల్ల వేసవి సెలవులకని నేను వాయిదా వేసితిని. ఆయన పోయి ముప్పదియేండ్లైనది. కట్టమీది చీటిలో పేరైన లేదు; లోపలిది వైద్యమో, వ్యాకరణమో, ఇంటి లెక్కలో చెప్పజాలను. ఆ లిపి చదువగల వృద్ధులొకరు మా యూరికి మూడామడల దూరమున నున్నారని యీమధ్య తెలిసినది. నిమ్మగడ్డినూనె రాచి, కట్టను గుడ్డలో జుట్టి సిద్ధముగా నుంచితిని. వచ్చు సోమవారము నా మనుమని వెంటబెట్టుకొని పోవుచున్నాను.