టీకా వేసికొన్నను జ్వరమేల వచ్చును?

పల్నాటి బెల్లంకొండలోనేమి, పట్టణములలోనేమి, నలుగురు స్త్రీలు కూడినచోట నొక ప్రశ్న వినబడుచుండును: “కరోనాకు రెండు సూదులు వేయించుకొంటిమి గదా, మరల జ్వరమేల వచ్చినది? ఇక టీకావలన లాభమేమి?” ఈ సందేహము సమంజసమైనదే. హైదరాబాదున భారత్ బయోటెక్ వారు తయారుచేసిన కోవాగ్జిను చరిత్రలో దీనికి సమాధానము కలదు.

వేయించిన పెసలు మొలకెత్తవు; రూపుమాత్రము చెడదు. అట్లే యీ టీకాలోని వైరసు చంపబడినది. అది మన యొడలిలో పెరుగజాలదు, కాని దాని యాకారము నిలిచియుండును. మన రక్తకణములు దానిని గుర్తించి ప్రతిరక్షకములను సిద్ధపఱచును. కొన్ని నెలలకు ఇవి తగ్గినను, శత్రువును గుర్తుంచుకొను కణములు మిగులును.

అయితే ప్రతిరక్షకములు పుట్టినంతమాత్రమున టీకా రోగమును ఆపునని చెప్పరాదు. అందుచేత 2020 జూలైలో హైదరాబాదు నిమ్సు మొదలగు ఆసుపత్రులలో 375 మందితో తొలి పరీక్ష నారంభించిరి. పిమ్మట 2020 నవంబరు 16 మొదలు 2021 జనవరి 7 వఱకు 25 ఆసుపత్రులలో 25,798 మందిని చేర్చుకొనిరి. సగముమందికి టీకాయు, సగముమందికి టీకా లేని సూదియు 28 దినముల యెడముతో రెండుమాఱు లిచ్చిరి. ఏది యెవరిదో వేసినవారికిని, వేయించుకొన్నవారికిని తెలియదు. ఫలితములు రాకమునుపే, 2021 జనవరి 3న ప్రభుత్వము అత్యవసర వాడుకకు అనుమతించుటను కొందఱు వైద్యులు ఆక్షేపించిరి. ఆ యాక్షేపణ న్యాయమేయని మా తలంపు.

ఆ యేడు నవంబరున లాన్సెట్ పత్రికలో ఫలితములు వెలువడినవి. లక్షణములతో జబ్బుపడినవారు టీకా వేసికొన్నవారిలో 24, తక్కినవారిలో 106. తీవ్రముగా జబ్బుపడినవారు వరుసగా 1, 15. కావున టీకా జ్వరమును పూర్తిగా ఆపలేదు. అపాయమును మిక్కిలి తగ్గించినది. వైరసు ముక్కుద్వారమున ప్రవేశించును. సూదివలన పుట్టిన ప్రతిరక్షకములు రక్తమున హెచ్చుగను, ముక్కు పొరలలో తక్కువగను ఉండును. ఈ లోపమును తీర్చుటకే ఆ సంస్థవారు ముక్కులో వేయు చుక్కలమందును 2023 జనవరి 26న విడుదల చేసిరి.

సోదరీమణులారా! మన మొక సంగతి మఱువరాదు. ఆ పెద్ద పరీక్షలో గర్భిణులను చేర్చుకొనలేదు. గర్భిణులకు ఈ రోగము మఱింత ప్రమాదకరమైనను, వారికి టీకా వేయుటకు మన ప్రభుత్వము 2021 జూలై 2న గాని అనుమతింపలేదు. అప్పటికే రెండవ యుధృతి వచ్చి వేలకొలది యిండ్లలో దీపముల నార్పిపోయినది. పరీక్షలో చోటులేనివారికి సమాధానము ఆలస్యముగనే దొరకును.

ఇన్‌ఫ్లుయెంజా విషయములో అట్టి జాప్యము అక్కఱలేదు. గర్భిణికి ఆ టీకా వేయవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా యిచ్చుచున్నది. తల్లి ప్రతిరక్షకములు మాయద్వారా బిడ్డకు చేరును. ఆఱు నెలలు నిండని శిశువునకు ఆ టీకా లేదు గనుక తల్లి రక్షణయే బిడ్డకు రక్షణ. మీ యింట గర్భిణి యున్నచో, ఈ సంగతి వైద్యుని తప్పక యడుగుడు.